నీలిదారం సీసా

డోను,
మాఘ మాసం, 1955.

మరదలు వెంకటలక్ష్మికి వదిన అలివేలమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు. ఈసారి ఆ మాట రాయను. ఒళ్ళు బాగానే ఉంది, కడుపు మాత్రం మండిపోతోంది.

నిన్న పొద్దున నన్నారి వేర్ల షర్బతు పాకం పొయ్యి మీద కుతకుతలాడుతోంది. తీగపాకం వచ్చే సమయం, పక్కకు చూడటానికి లేదు. సరిగ్గా అప్పుడే అంగడి ముందర ఒంటెద్దు బండి ఆగింది. మద్యనిషేధం ఇన్‌స్పెక్టరు, ఇద్దరు జవాన్లు దిగారు. ఇన్‌స్పెక్టరు పేరు దేవేంద్రప్ప. ఆదోని వైపు మనిషి, కొత్తగా వచ్చాడు. గోడవారగా వరుసగా పెట్టిన నా కాఫీరంగు సీసాల వైపు చూసి, దొంగసరుకు పట్టుకున్నట్టు తల ఊపాడు.

"ఏమమ్మా, ఇవన్నీ బీరు సీసాలు గదా. మద్యం ఉండిన సీసాలో మళ్ళీ తాగే వస్తువు నింపి అమ్మగూడదని ఆర్డరు వచ్చుండాది. సీసాలు జప్తు చేస్తాండాము."

"బీరు తాగిన రైల్వే దొరలు ఓడెక్కి పోయినారు గదప్పా! వాళ్ళ సీసాలో గులకరాళ్ళు ఏసి ఆడించి, బూడిద నీళ్ళతో కడిగి, ఉడుకునీళ్ళలో ముంచి, ఎండలో బోర్లించి పెట్టినా. ఇంకా యాడుండాది బీరు?"

"ఎంత కడిగినా ఒకప్పుడు బీరు సీసానే గదా?"

"ఒకప్పుడు నువ్వూ మొలతాడు తప్ప ఇంకేం లేకుండా తిరిగినోడివే. ఇప్పుడు నిక్కరేసుకోని రాలేదా?"

జవాన్లు మూతి అటు తిప్పుకుని నవ్వారు. ఆయనకు నవ్వు రాలేదు. సీసాలు బండికెక్కించమన్నాడు.

ఇవి నావి కావు, ఊరి ఇళ్ళవి అని మొత్తుకున్నాను. ఒక్కొక్క సీసా మెడకు కట్టిన దారం చూపించాను. ఎర్రదారం ఖాజాబీ ఇంటిది, పచ్చదారం స్టేషను మాస్టరు ఇంటిది, పసుపుది దర్జీ రంగన్న ఇంటిది. ఒక ఇంటి సీసా ఇంకో ఇంటికి పోదు. ఒకరి ఎంగిలి ఒకరు తాగరు మా ఊళ్ళో. ప్రతి ఇంటికీ ఒక జత. ఒకటి వాళ్ళ దగ్గర, దాని జోడు నా దగ్గర. అది ఖాళీ అయి వచ్చేసరికి ఇది నిండి ఉంటుంది. మా ఆయన, మీ అన్న గోవిందయ్య పెట్టిపోయిన పద్ధతి ఇది. ఆయన పోయిన తర్వాత కూడా ఒక్క దారం తారుమారు కానివ్వలేదు నేను.

దేవేంద్రప్ప అంతా విని జేబులోంచి ఒక కాగితం తీశాడు. "చేసిన తప్పుకు క్షమించండి, ఇకమీదట చెయ్యను అని ఈడ సంతకం పెట్టు. షర్బతు అమ్మే లైసెన్సన్నా మిగులుతాది" అన్నాడు. తప్పు అనే మాట కొట్టేస్తే పెడతానన్నాను. కొట్టెయ్యడానికి వీల్లేదట. అయితే నీ కాగితం నువ్వే పెట్టుకో అన్నాను.

ఎండాకాలం నాలుగు నెలల అమ్మకంతోనే నాకు ఏడాది గడవాలని నీకు తెలుసు. సీసాలు రాకపోతే అంగడి మూసెయ్యాలి. అంతకంటే పెద్ద బాధ ఏమంటే, నన్ను నమ్మి పెట్టిన సీసాలు నా గడపలోంచి ఎత్తుకుపోయారు. రంజాను వస్తోంది. ఈసారి నడి ఎండల్లో రోజా విడిచేటప్పుడు ఖాజాబీ ఇంట్లో ఏం తాగుతారు?

ఒకే ఒక్క సీసా వాళ్ళ కంట పడలేదు. మీ ఇంటిది, నీలిదారం కట్టింది. మీకు పంపుదామని నింపి ఊక బుట్టలో దాచి ఉంచాను. అమ్మ పోయిన తర్వాత నా చంకన పెరిగిన పిల్లోడు మా తమ్ముడు తిరుమలయ్య. వాడి సీసాకు నీలిదారం ఎందుకు కట్టానో వాడికి గుర్తుందో లేదో, చిన్నప్పుడు నీలం గుడ్డ కనిపిస్తే వదిలేవాడు కాదు.

వాడికి కడపలో పెద్దవాళ్ళు తెలుసు కదా. ఈ ఆర్డరు యాడ నుంచి ఊడిపడిందో కనుక్కొని, సీసాలు విడిపించే మార్గం చూడమను. వాడు పూనుకుంటే అవుతుంది.

మీ వదిన,
అలివేలమ్మ

---

కడప,
ఫాల్గుణ మాసం.

గంగాభాగీరథీ సమానురాలైన వదినగారి పాదములకు వెంకటలక్ష్మి నమస్కరించి వ్రాయునది.

తమరి జాబు అందినది. సంగతులు తెలిసినవి. తమ తమ్ముడుగారి అభిప్రాయము ఏమనగా, ప్రభుత్వము వారితో పేచీ పెట్టుకొనుట మనబోటి వర్తకులకు తగదు. ఆర్డరు ఆర్డరే. ఆ కాగితము మీద సంతకము చేయుట వలన పోవునది ఏమియు లేదు. పాత సీసాల మీద ఆశ వదులుకొనవలసినది. తమ నిమిత్తము తెల్లని కొత్త సీసాలు ఒక పెట్టె రైలు పార్సెలులో పంపుచున్నారు. ఇవి మద్రాసు కంపెనీవి, ఇంతవరకు ఎవరును వాడనివి, చూపునకు ఎంతో సొంపుగా ఉండును. ఇకమీదట షర్బతు వీనియందే నింపవలసినది.

మరియు వచ్చే శ్రీరామనవమికి ఒంటిమిట్ట తిరునాళ్ళలో మన షర్బతు అంగడి ఒకటి పెట్టవలెనని వారి సంకల్పము. కావున నన్నారి వేర్లు, తయారుచేయు విధానము వెంటనే పంపగలరు.

ఇట్లు,
వెంకటలక్ష్మి

వదినా, ఆయన వక్కాకు కోసం లోపలికి పోయాడు. ఈ నాలుగు ముక్కలు నావి. వెనకాల నిలబడి ఒక్కొక్క మాటా చెప్పి రాయిస్తున్నాడు, చెయ్యి నొప్పి పుడుతోంది. ఒకటి మాత్రం నాకు అంతుపట్టలేదు. నీ జాబు నిన్న వచ్చింది. ఈ తెల్ల సీసాల పెట్టెలు అంతకు ముందు నుంచే మా పంచలో దిగి ఉన్నాయి. అడిగితే ఆడవాళ్ళకెందుకన్నాడు. అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

---

డోను,
ఉగాది ముందర.

ఒసే వెంకటలక్ష్మీ,

నువ్వు నా తమ్ముడి పెళ్ళానివై వచ్చిన నాటి నుంచి నన్ను ఒక్కనాడైనా గంగాభాగీరథీ సమానురాలు అన్నావా? జాబు చదువుతుంటే నా దినానికి పిలుపు చదువుతున్నట్టనిపించింది. కింద నువ్వు గిలికిన నాలుగు వరసలే నేను జాబు కింద లెక్క. పైన ఉన్నదంతా మా వాడి గొంతు.

పెట్టెలు ముందే దిగినా వాడు వర్తకుడు కదా, ఏ బేరమో చేసుకొని ఉంటాడు. దాన్ని గురించి పొడిచి పొడిచి అడగొద్దు.

తెల్లసీసాల సంగతి విను. చూడటానికి పెళ్ళికూతుళ్ళ మాదిరి ఉన్నాయి. మొదటిదాంట్లో సలసలా కాగే పాకం పొయ్యగానే పటుక్కుమని నిలువునా చీలింది. రెండోదీ అంతే. మూడోది నా ముంజేతి మీదే చిట్లింది, బొబ్బలెక్కి ఇంకా మానలేదు. నన్నారి వేడిగా పోసి వేడిగా మూత బిగిస్తేనే నిలుస్తుంది. చల్లార్చి పోస్తే ఎండకు పులుస్తుంది. ఆ దొరల సీసా దళసరి, వేడికి తట్టుకుంటుంది. తీగ బిగింపు పింగాణీ మూత వేస్తే గాలి కూడా దూరదు. అందుకే మీ అన్న రైల్వే క్లబ్బు బట్లరు వెంటపడి వాటిని బుట్టలకెత్తుకొచ్చాడు.

వేర్లు పంపుతున్నాను. కానీ ఒంటిమిట్టలో అంగడి పెట్టేదుంటే కుండలో పాకం పెట్టుకొని, అడిగినవాళ్ళకు అప్పటికప్పుడు నీళ్ళు, నిమ్మకాయ కలిపి ఇవ్వండి. ఆ తెల్లసీసాల్లో మాత్రం పొయ్యొద్దు. ముందే నీళ్ళు కలిపి అసలే పొయ్యొద్దు. ఈ మాట మా వాడికి చదివి వినిపించు.

సంతకం పెట్టలేదు, పెట్టను కూడా. దేవేంద్రప్ప మొన్న మళ్ళీ వచ్చి, "మీ తమ్ముడు పెద్ద వర్తకుడంట గదా, ఆయన మాటన్నా వినగూడదా?" అన్నాడు. నా తమ్ముడి సంగతి వీడికెట్లా తెలుసో! ఊళ్ళో ఎవరో చెప్పి ఉంటారు.

నీలిదారం సీసా పంపుదామంటే దారిలో అదీ పట్టుకుంటారేమోనని భయంగా ఉంది. నా దగ్గరే ఉండనీ.

అలివేలమ్మ

---

కడప,
చైత్ర పౌర్ణమి దాటి నాలుగో రోజు.

వదినా,

ఇప్పుడు నా వెనకాల ఎవరూ లేరు. ఆయన ప్రొద్దుటూరు పోయాడు. ఈ జాబు మొత్తం నాదే. చదివేటప్పుడు కూర్చో, నిలబడి చదవొద్దు.

నీ మాట నేను చదివి వినిపించాను. "అక్కకు పాతకాలం బుద్ధులు. తిరునాళ్ళలో నిలబడి నిమ్మకాయ పిండే తీరిక ఎవరికుండాది? ముందే కలిపి సీసాల్లో పోసి పెడితే మూత తీసి చేతికిచ్చేది, అంతే" అన్నాడు. వేడిగా పోస్తే పగులుతున్నాయి గనుక చల్లార్చి పోయించాడు. బెండుమూతలు కొట్టించి, రంగు కాగితం అంటించి, రెండెద్దుల బండిలో ఒంటిమిట్టకు తోలించాడు. అక్కడ తాటాకు పందిరి వేసి నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టాడు.

మొదటిరోజు బాగానే పోయింది. కల్యాణం నాటికి ఎండ పెళపెళమంటోంది. మిట్టమధ్యాహ్నం, పందిరి ముందర జనం కిటకిటలాడుతున్నారు. ఉన్నట్టుండి టప్ మని ఒక బెండుమూత ఎగిరి, ఎదురుగా నిలబడిన ముసలాయన తలపాగాకు తగిలింది. నేను అయ్యో అనేలోగా ఇంకొకటి. ఆ తర్వాత వరుసంతా అందుకుంది. రాములవారి పెళ్ళికి మనమే టపాకాయలు కాల్చినట్టయింది! నురగ కారి కారి నా పట్టుచీర తడిసింది. ఆ వాసన ఏం చెప్పేది? కల్లు దుకాణాలు మూయించి ఇన్నేండ్లయినా ఆ వాసన ఎవరూ మరిచిపోలేదు.

"ఏమమ్మా, దేవుని పెండ్లికి కల్లు పోస్తాండావా?" అని ఒకాయన అడిగాడు. ఇంకొకాయన, "నాకొక సీసా ఇయ్యి, తాగి శానా దినాలాయె" అన్నాడు. జనం ఒకటే నవ్వు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ నవ్వు విని మద్యనిషేధం ఆఫీసరు వచ్చాడు. వాసన చూశాడు, వేలితో నాలుకకు రాసుకున్నాడు. గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చుంటే వాళ్ళదే అంగడి అన్నాడు. కేసు నా పేరున రాశాడు వదినా. దొంగసారా తయారీ కింద!

అంతవరకు పందిరి వెనక నక్కిన మీ తమ్ముడు అప్పుడు బయటికొచ్చాడు. నన్ను కాపాడటానికే వచ్చాడనుకున్నాను. ఆయన ఆఫీసరు చెయ్యి పట్టుకుని ఏమన్నాడో ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను. "సార్, నేను మీ మనిషిని. డోనులో బీరు సీసాలు నింపుతాండారని మీ పైవాళ్ళకు అర్జీ పెట్టింది నేనే గదా. ఈ రెండు జిల్లాల్లో కొత్త సీసాల ఏజెన్సీ నాదే."

నేను అక్కడే ఉన్నాను. నురగ కారుతున్న సీసా చేతిలో పట్టుకొని నిలబడే ఉన్నాను.

ఇంటికొచ్చాక అడిగాను. "వ్యాపారంలో అక్కా చెల్లీ అని చూసుకుంటే అయ్యేపని కాదు. అక్కకు నష్టం లేకుండా నేనే కొత్తసీసాలు పంపినా గదా" అన్నాడు. ఆయన దృష్టిలో ఇది నీకు చేసిన మేలు! ఇప్పుడు నన్ను కూడా క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. పెడితే కేసు ఆఫీసులోనే ఆగిపోతుందట, లేకపోతే కోర్టుకెక్కాలట. "ఒక్క సంతకమే గదా, చెయ్యి అరిగిపోతుందా?" అంటున్నాడు.

నాకు ఏడుపు రావడం లేదు వదినా, ఒళ్ళు మండుతోంది. నేనేం చెయ్యాలో నువ్వు చెప్పు. నువ్వు సంతకం పెట్టమంటే పెడతాను.

నీ మరదలు,
వెంకటలక్ష్మి

---

డోను,
రంజాను నెల.

వెంకటలక్ష్మికి,

నీ జాబు కూర్చునే చదివాను. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

వాడికి అమ్మవారు పోసినప్పుడు వేపాకు మీద పడుకోబెట్టి, గోక్కోకుండా రెండు చేతులూ పట్టుకొని కూర్చున్నదాన్ని. ఆ చేతులతోనే అర్జీ రాశాడా! నన్ను అడిగి ఉంటే వాడి తెల్లసీసాలు నూనె అంగళ్ళవాళ్ళందరికీ నేనే తిరిగి అమ్మిపెట్టేదాన్ని కదే. నోరు తెరిచి అడగకుండా, అధికారులను పంపి నా గడప తొక్కించాడు. దీన్ని మాత్రం నేను మింగలేకపోతున్నాను.

సరే. ఏడ్చింది చాలు. నువ్వు సంతకం పెట్టొద్దు. నేను పెట్టమంటే పెడతానన్నావు, అందుకే ఈ మాట పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. చెయ్యని తప్పుకు క్షమాపణ రాస్తే, ఆ కాగితం చూపించి రేపు ఇంకొకదాని చేత రాయిస్తారు.

ఇక్కడ జరిగింది విను. నెలవంక కనిపించిన మర్నాడు ఖాజాబీ వచ్చింది. "అలివేలూ, ఇంట్లో ముసలోళ్ళు కూడా రోజా ఉండారు. నన్నారి లేకపోతే ఎట్ల?" అంది. ఆమె చేతిలో ఎర్రదారం సీసా. వాళ్ళింట్లో ఉన్నది, దాని జోడు జప్తులో పోయింది. ఆ సీసా చూడగానే నా బుర్ర వెలిగింది. నా దగ్గర ఉన్నవి ఎత్తుకుపోయారు గానీ, ఇళ్ళల్లో ఉన్నవి అట్లాగే ఉన్నాయి కదా!

నేరుగా దేవేంద్రప్ప ఆఫీసుకు పోయాను. ఆర్డరు గట్టిగా చదవమన్నాను. చదివాడు. వర్తకుడు అట్లాంటి సీసాలు తన అంగడిలో పెట్టుకోకూడదు, వాటిలో నింపి అమ్మకూడదు. "ఇంటామె తన సీసా తానే పట్టుకోనొస్తే?" అని అడిగాను. కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "అది రాయలేదు గానీ, అదీ తప్పే అయితాది" అన్నాడు. "రాయని తప్పును నువ్వు పట్టుకో, రాయని హక్కును నేను పట్టుకుంటా" అని వచ్చేశాను.

మర్నాడు పొద్దున అంగడి అరుగు మీద డేక్షా పెట్టి, పాకం పొగలు కక్కుతుండగా, పావుసేరు కొలత చేతపట్టి కూర్చున్నాను. అంగడిలో ఒక్క సీసా లేదు. నేను అమ్మేది పాకం, కొలిచి పోసేది పాకం. ఎవరి సీసా వాళ్ళ చేతిలో. ఖాజాబీ ముందర నిలబడింది. ఆమె వెనక స్టేషను మాస్టరు భార్య కృష్ణవేణమ్మ, ఆ వెనక దర్జీ రంగన్న పెళ్ళాం గురమ్మ. రైలు గేటు దాకా వరుస. ఒకరితో ఒకరు పలకనివాళ్ళు కూడా అందులో ఉన్నారు, వెంకటలక్ష్మీ. వేడి పాకం పోస్తే సీసా కాలుతుంది కదా, అందరి చేతుల్లో తడిగుడ్డలు.

దేవేంద్రప్ప వచ్చాడు. "ఎవరివీ సీసాలు?" అని అరిచాడు.

"మావి!" అన్నారు. ఒకరు కాదు, వరుసంతా.

కోపంతో ఖాజాబీ చేతిలోని సీసాను లాక్కోబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "తీసుకో నాయనా. కానీ పొద్దుగూకేటప్పుడు మా ఇంటికొచ్చి, ముసలోళ్ళ నోట్లో నువ్వే ఏదన్నా పొయ్యాల" అంది. దేవేంద్రప్ప చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెనక నుంచి గురమ్మ, "పట్టుకో సామీ, అందరివీ పట్టుకో! మమ్మల్ని గూడా బండెక్కించు. మీ జైల్లో వంట ఎవరు చేస్తారో చూస్తాం" అంది. జవాను ఒకడు నవ్వు ఆపుకోలేక బండి చాటుకు పోయాడు.

కోర్టుకీడుస్తానని చెప్పి పోయాడు. ఈడ్చాడు కూడా, వైశాఖం చివర్లో వాయిదా. లైసెన్సు పోవచ్చు, జరిమానా పడవచ్చు. భయం లేదని అబద్ధం రాయను. అయినా పొద్దున్నే డేక్షా అరుగు మీదికి చేరుతూనే ఉంది.

నేను నా కోర్టులో నిలబడతాను. నువ్వు నీ కోర్టులో నిలబడు.

అలివేలమ్మ

---

కడప,
వైశాఖ మాసం.

వదినా,

నిలబడ్డాను!

సంతకం పెట్టనని చెప్పిన రోజు మీ తమ్ముడు అన్నం పళ్ళెం నెట్టేశాడు. పెద్ద కుటుంబం ఆడది కోర్టుకెక్కితే పరువు పోతుందన్నాడు. నా పేరున కేసు రాసినప్పుడు పోని పరువు, నేను నోరు తెరిస్తే పోతుందా అని అడిగాను. ఆ రోజు నుంచి మాటల్లేవు. నాకు ఇల్లు ప్రశాంతంగా ఉంది, ఆయనకే కష్టంగా ఉన్నట్టుంది.

కోర్టులో మేజిస్ట్రేటు కళ్ళద్దాలు పైకెత్తి, "ఈ సీసాల్లో మద్యం తయారు చేసినావా?" అని అడిగాడు. నీ మాటలు గుర్తు తెచ్చుకున్నాను.

"అయ్యా, మీ ఆర్డరు చెప్పిన సీసాలోనే పోసినాము. మా వదిన బీరు సీసాలో పోసిన షర్బతు షర్బతుగానే ఉండాది. మీ మంచి సీసాలో పోసిన షర్బతు కల్లయి కూర్చునింది. ఏ సీసాను పట్టుకోవాలో మీరే చెప్పండి."

కోర్టులో అందరూ గొల్లుమన్నారు. బంట్రోతు నిశ్శబ్దం అని అరవబోయి తనే నవ్వాడు. మేజిస్ట్రేటు సారా కాచే ఉద్దేశం లేదని రాసి కేసు కొట్టేశాడు. ఆ పులిసిన సీసాలు పగలగొట్టించమన్నాడు. పోతూ పోతూ, ఇకమీదట జాగ్రత్తగా ఉంటానని, క్షమించమని ఒక ముక్క రాసిచ్చి పొమ్మన్నాడు. "జాగ్రత్తగా ఉంటానని రాస్తానయ్యా. క్షమించమని రాయను" అన్నాను. ఆయన నా మొహం చూసి, "సరే, పో తల్లీ" అన్నాడు.

బయటికొస్తుంటే మీ తమ్ముడు చెట్టు కింద నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు, ఇంటికీ పోలేదు.

వదినా, నీ వాయిదా నాడు నేను నీ పక్కన ఉండాలి. గుంతకల్లులో బండి మారి వస్తాను. చెప్పగానే, "అక్క దగ్గరికి పోతే మళ్ళీ ఈ గడప తొక్కొద్దు" అన్నాడు. "ఈ గడపకు పసుపు రాసేది నేను. తొక్కాలో వద్దో నాకు తెలుసు" అన్నాను. సాయంత్రం నేను మూట కట్టుకుంటుంటే వంటింట్లోంచి మన నీలిదారం సీసా, ఆ జతలో మా దగ్గర ఉన్నది, తెచ్చి నా మూట పక్కన పెట్టి పోయాడు. ఖాళీది.

దాన్ని నేను మూటలో పెట్టుకోలేదు. ఎక్కడ పెట్టాడో అక్కడే వదిలేసి వస్తున్నాను. ఎందుకో నీకు తెలుస్తుంది.

వెంకటలక్ష్మి

---

డోను,
వాయిదా మర్నాడు.

తమ్ముడు తిరుమలయ్యకు,

నీ భార్య నా దగ్గర క్షేమంగా ఉంది. నా క్షేమం మాత్రం నీకెందుకు.

కోర్టు సంగతి నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, అయినా నా నోటితో విను. ఇంటామె తన సీసా తానే పట్టుకొని రాకూడదని ఎక్కడ రాసి ఉందో చూపించమని మేజిస్ట్రేటు అడిగాడు. దేవేంద్రప్ప చూపించలేకపోయాడు. పైవాళ్ళను అడగాలని మళ్ళీ వాయిదా వేయించుకున్నాడు. జప్తు చేసిన సీసాలు ఇవ్వలేదు. కొత్తగా ఇంకొక ఆర్డరు తెస్తానని బెదిరించాడు. తెచ్చుకోనీ. ఈ పొద్దున కూడా వరుస రైలు గేటు దాకా ఉంది. నీ భార్యే కొలిచి పోసింది.

నువ్వు చేసింది నేను మరిచిపోలేదు. మరిచిపోయానని చెప్పి నిన్ను సంతోషపెట్టను. ఇంట్లో పుట్టిన అర్జీ నా గడప మీదికి వచ్చిందని తెలిసిన నాడు, అమ్మ పోయిన నాటి కంటే ఎక్కువ ఏడ్చాను. ఇది నీకు తెలియాలి.

అయితే నువ్వు నాకు క్షమాపణ జాబు రాయబోతున్నావేమో, రాయొద్దు. మన ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం ఆ కాగితం రాయబోమని చెప్పి రెండు కోర్టుల్లో నిలబడ్డాం. నీ చేత మాత్రం ఎందుకు రాయిస్తాం?

వెంకటలక్ష్మి నీ ఖాళీ సీసాను తేలేదు. తెచ్చి ఉంటే నేను నింపేదాన్ని కాదు. ఇక్కడి పద్ధతి నీకు తెలుసు కదా, ఎవరి సీసా వాళ్ళే పట్టుకొని రావాలి. పొద్దున బండికి దిగు. ఖాజాబీ వెనకో, గురమ్మ వెనకో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ నిలబడు. దేవేంద్రప్ప వచ్చి ఎవరివీ సీసాలు అని అడుగుతాడు. వాడు నిన్ను గుర్తుపడతాడు. అందరితో పాటు నువ్వూ గట్టిగా మావి అను.

పాకం సలసలా కాగుతుంటుంది, చెయ్యి కాలుతుంది. తడిగుడ్డ నేనిస్తాలే.

మీ అక్క,
అలివేలమ్మ